కేబుల్ నెట్‌వర్క్ ఉన్న ఇంట్లో వైఫై పెట్టుకోవడం ఎలా?

"గదిగదికీ నెట్‌వర్క్ కేబుల్ ఉంది. కంప్యూటర్లు, టీవీ, ప్రింటర్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఇప్పుడు ఫోన్లకి వైఫై కావాలి. ఉన్న రౌటర్ తీసేయాలా? అంతా కొత్తగా మొదలుపెట్టాలా?" ఈ ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

ఏమీ తీసేయక్కర్లేదు. గోడల్లో కేబుల్ ఉన్న ఇల్లు వైఫైకి అన్నిటికన్నా అనువైన ఇల్లు. రిపీటర్లు (వైఫై సిగ్నల్‌ని విని మళ్లీ ప్రసారం చేసే బాక్సులు) కొని తంటాలు పడేవాళ్లలో ఎక్కువమందికి లేనిది ఆ కేబులే. మీరు చేయాల్సిందల్లా ఆ కేబుల్ చివర యాక్సెస్ పాయింట్ అనే వైఫై బాక్సు ఒకటి తగిలించడం.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మీరు పెట్టే కొత్త బాక్సు రౌటర్ పని చేయకూడదు. పరికరాలకి ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ప్రతి పరికరాన్నీ గుర్తించే నంబర్లు) పంచడం, ఇంటర్నెట్‌కి దారి చూపడం ఇప్పుడున్న రౌటరే చేస్తుంది, దాన్నే ఇకపై మెయిన్ రౌటర్ అంటాను. కొత్తది తీగ మీద వచ్చినదాన్ని గాల్లోకి పంపాలి, గాల్లో వచ్చినదాన్ని తీగ మీదకి దింపాలి, అంతే. ఈ పనిలో ఎదురయ్యే గొడవల్లో చాలావరకు ఇది మర్చిపోవడం వల్ల వచ్చేవే.

ముందు ఇవి చూసుకోండి

మీ రౌటర్‌లోనే వైఫై ఉందేమో చూడండి. ఇంటర్నెట్ కంపెనీలు ఇచ్చే బాక్సుల్లో చాలావాటికి ఉంటుంది, ఆపేసి ఉంటుంది అంతే. అలా ఉంటే దాన్ని ఆన్ చేసి రెండు రోజులు వాడి చూడండి. ఇల్లంతా అందితే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు. కొన్ని గదులకే అందకపోతే, ఆ గదుల కోసం కింద చెప్పినట్టు చేయండి.

కావలసినవి

- ఒక యాక్సెస్ పాయింట్. కొత్తది కొంటుంటే వైఫై 6 ఉన్నది తీసుకోండి. వైఫై 5 ఉన్నది చేతిలో ఉంటే దాన్ని పారేయనవసరం లేదు, ఇంటికి అది చాలు.
- లేదా మూలన పడి ఉన్న పాత వైఫై రౌటర్. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవచ్చు. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రత పద్ధతి కూడా లేనంత పాతదైతే మాత్రం వద్దు. తయారీదారు ఫర్మ్‌వేర్ (బాక్సు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన మోడల్ అయినా నేను వాడమని చెప్పను.
- క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 ప్యాచ్ కేబుల్స్ రెండు. ఒకటి సెటప్‌కి, ఒకటి శాశ్వతంగా.
- మెయిన్ రౌటర్‌లో గానీ స్విచ్‌లో గానీ ఒక ఖాళీ పోర్టు. లేకపోతే చిన్న గిగాబిట్ స్విచ్ (ఒక పోర్టుని చాలా పోర్టులుగా పంచే బాక్సు) ఒకటి.
- కేబుల్ పెట్టుకునే పోర్టు ఉన్న ల్యాప్‌టాప్. పోర్టు లేకపోతే యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్.
- మెయిన్ రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, సెట్టింగ్స్ పేజీ తెరవడానికి అడిగేది.

యాక్సెస్ పాయింట్ పెట్టే చోట కరెంట్ ప్లగ్ లేకపోతే పీఓఈ వాడండి. అంటే నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంట్ పంపడం. ఇక్కడ ఒక హెచ్చరిక. 802.3ఏఎఫ్, 802.3ఏటీ అని రాసి ఉన్న పీఓఈ పరికరాలు అవతల ఏముందో అడిగి తెలుసుకున్నాకే కరెంట్ ఇస్తాయి. "పాసివ్ పీఓఈ" అని ఉన్నవి అడగవు, పెట్టీ పెట్టగానే వోల్టేజ్ పంపేస్తాయి. పొరపాటున ల్యాప్‌టాప్ పోర్టుకి పెడితే పోర్టు కాలిపోవచ్చు. ఇంజెక్టర్ మీద ఏం రాసి ఉందో చదివాకే ప్లగ్ పెట్టండి.

1. మెయిన్ రౌటర్ వివరాలు రాసుకోండి

కేబుల్ మీద ఉన్న కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కనెక్షన్ వివరాలు తెరవండి. "డిఫాల్ట్ గేట్‌వే" అని ఉన్నచోట కనిపించే నంబరే మెయిన్ రౌటర్ అడ్రస్. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అయి ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి, లాగిన్ అయి, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) పేజీకి వెళ్లండి. అక్కడ అది పంచే అడ్రస్‌ల వరుస ఉంటుంది. ఉదాహరణకి 192.168.1.100 నుంచి 192.168.1.200 వరకు. రెండూ కాగితం మీద రాసుకోండి. ఇంకేమీ మార్చకండి.

వరుస 192.168.1.2 నుంచే మొదలై చివరిదాకా ఉంటే మాత్రం ఒక్క మార్పు చేయండి. మొదలును 192.168.1.20కి జరపండి. ముందున్న అడ్రస్‌లు మనకి కావాలి.

2. చోటు ఎంచుకోండి, కానీ ఇంకా బిగించకండి

ఎక్కువసేపు ఫోన్లు వాడే గదులకి మధ్యగా, కాస్త ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉండేచోట పెట్టాలి. టీవీ వెనక, ఇనుప బీరువా మీద, పెద్ద అద్దం పక్కన, చేపల తొట్టి వెనక పెట్టకండి. లోహం సిగ్నల్‌ని తిప్పికొడుతుంది, నీళ్లు తాగేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తుంది కాబట్టి దానికి దూరంగా ఉంచండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లకి వాడే యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుల్స్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తాయి. డిస్క్‌ని యాక్సెస్ పాయింట్ పక్కనే ఆనించి పెట్టేవాళ్లు ఇది గమనించరు.

సీలింగ్‌కి బిగించే మోడల్‌ని సీలింగ్‌కే బిగించాలి. దాన్ని గోడకి నిలువుగా పెడితే సిగ్నల్‌లో మంచి భాగం పక్కగదికి పోతుంది. బయటకి యాంటెనాలు ఉన్న బాక్సయితే వాటిని నిలువుగా ఉంచండి. సిగ్నల్ యాంటెనా కొసవైపు కాదు, పక్కలకి ఎక్కువగా వెళ్తుంది.

గోడకి రంధ్రాలు చేసేది చివర్లో. ముందు స్టూలు మీదో టేపుతోనో నిలబెట్టి పరీక్షించండి.

3. బాక్సుని యాక్సెస్ పాయింట్‌గా సెట్ చేయండి

మీ దగ్గరున్న బాక్సుని బట్టి మూడు దారులున్నాయి.

*యాక్సెస్ పాయింట్ అనే అమ్మినది అయితే:* కేబుల్ తగిలించి, కంపెనీ యాప్‌లోగానీ బ్రౌజర్‌లోగానీ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇస్తే చాలు. నాలుగో అంచెకి వెళ్లిపోండి.

*పాత రౌటర్‌లో "యాక్సెస్ పాయింట్ మోడ్" ఉంటే:* సెట్టింగ్స్‌లో "ఆపరేషన్ మోడ్" లాంటి పేరుతో ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే రౌటర్ పనులన్నీ అదే ఆపేసుకుంటుంది. ఈ మోడ్‌లో చాలా బాక్సులకి కేబుల్ ఏ పోర్టులో పెట్టినా పరవాలేదు, అయినా మాన్యువల్ ఒకసారి చూడండి.

*ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే:* చేత్తో మార్చుకోవాలి. కష్టమేమీ కాదు కానీ వరుస తప్పకూడదు. వరుస తప్పితే సెట్టింగ్స్ పేజీ తెరుచుకోదు, మళ్లీ రీసెట్ నుంచి మొదలెట్టాలి.

(అ) బాక్సు ఆన్‌లో ఉండగా వెనకున్న రీసెట్ బటన్‌ని పిన్నుతో పది సెకన్లకి పైగా నొక్కి ఉంచి, పాత సెట్టింగ్స్ అన్నీ చెరిపేయండి. ఇంకా మెయిన్ నెట్‌వర్క్‌కి కలపొద్దు.

(ఆ) ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, కేబుల్‌తో బాక్సు ల్యాన్ పోర్టుకి (ఇంట్లో పరికరాల కోసం ఉండే పోర్టు) కలపండి. కింద స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌తో, పాస్‌వర్డ్‌తో లాగిన్ అవండి. మొదట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.

(ఇ) వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ పెట్టండి. వివరాలు నాలుగో అంచెలో ఉన్నాయి.

(ఈ) ల్యాన్ సెట్టింగ్స్‌లో బాక్సు అడ్రస్ మార్చండి. మెయిన్ రౌటర్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. చుక్కల మధ్య ఉండే నంబర్లలో మొదటి మూడూ (ఇక్కడ 192.168.1) మెయిన్ రౌటర్‌వే ఉండాలి, చివరిది అది పంచే వరుసకి బయట ఉండాలి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0. గేట్‌వే అడిగితే మెయిన్ రౌటర్ అడ్రస్ ఇవ్వండి. సేవ్ చేయగానే పేజీ ఆగిపోయినట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడకండి, అడ్రస్ మారిపోయింది కదా. ల్యాప్‌టాప్ కేబుల్ ఒకసారి తీసి పెట్టి, కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అవండి.

(ఉ) ఇప్పుడు, అన్నిటికన్నా ఆఖరున, డీహెచ్‌సీపీ సర్వర్‌ని ఆపేసి సేవ్ చేయండి. ముందే ఆపేస్తే మధ్యలో ల్యాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాళ్లు ఉండరు.

(ఊ) మెయిన్ నెట్‌వర్క్ నుంచి వచ్చే కేబుల్‌ని బాక్సు ల్యాన్ పోర్టులో పెట్టండి. వేరే రంగులో, విడిగా ఉండే వ్యాన్ పోర్టు (బయటి ఇంటర్నెట్ లైన్ కోసం ఉండేది) ఖాళీగానే ఉండాలి. అది ఖాళీగా ఉంటే ఏదో వెలితిగా అనిపించి చాలామంది కేబుల్ అందులోనే పెట్టేస్తారు. అలా పెడితే బాక్సు మళ్లీ రౌటరైపోతుంది.

డీహెచ్‌సీపీ గురించి ఇంత పట్టుపట్టడానికి కారణముంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒకే నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లుంటే ఏది ముందు జవాబిస్తే ఫోన్ దాని మాటే వింటుంది. పాత బాక్సు ముందు పలికితే "ఇంటర్నెట్‌కి దారి నేనే" అంటుంది, కానీ దానికి ఇంటర్నెట్ లేదు. అందుకే ఈ తప్పు వెంటనే బయటపడదు. ఈరోజు అన్నీ బాగుంటాయి, రేపు పొద్దున టీవీ ఒక్కటే రాదు, ఎల్లుండి ఒక ఫోన్ రాదు.

ఆగిందో లేదో తేల్చుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. బాక్సుకి మెయిన్ నెట్‌వర్క్ నుంచి వచ్చే కేబుల్ పీకేయండి. బాక్సు ఆన్‌లోనే ఉండాలి. ఫోన్‌లో దాని వైఫై దగ్గర "ఫర్గెట్" నొక్కి, మళ్లీ కలపండి. "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అంటూ అక్కడే తిరుగుతూ విఫలమైతే మీరు గెలిచినట్టే. 192.168తో మొదలయ్యే అడ్రస్ దొరికితే బాక్సు ఇంకా పంచుతూనే ఉంది, డీహెచ్‌సీపీ పేజీకి తిరిగి వెళ్లండి. ఇది చేత్తో డీహెచ్‌సీపీ ఆపిన బాక్సుల పరీక్ష. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉన్న కొన్ని మోడల్స్ కేబుల్ తీసేస్తే సెటప్ కోసమని సొంతంగా అడ్రస్‌లు ఇస్తాయి, దాన్ని తప్పనుకోకండి.

4. వైఫై సెట్టింగ్స్

*పేరు, పాస్‌వర్డ్:* మెయిన్ రౌటర్‌లో కూడా వైఫై నడుస్తుంటే రెండిటికీ అదే పేరు, అదే పాస్‌వర్డ్, అదే సెక్యూరిటీ పెట్టండి. అప్పుడు ఫోన్ ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లినప్పుడు దానంతటదే మారుతుంది. ఏది ఏ బాక్సో తెలియాలని వేర్వేరు పేర్లు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పరీక్షించే మొదటి రోజు అలా పెట్టుకోండి, తర్వాత ఒకటి చేయండి.

*సెక్యూరిటీ:* పరికరాలన్నీ కొత్తవైతే డబ్ల్యూపీఏ3. పాతవీ కొత్తవీ కలిసి ఉంటే డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిక్స్‌డ్, లేదా ఏఈఎస్‌తో డబ్ల్యూపీఏ2. డబ్ల్యూఈపీ, టీకేఐపీ అనే పాత పద్ధతులు కనిపిస్తే ముట్టుకోకండి. భద్రత సంగతి అటుంచి, వాటిని ఎంచుకుంటే వేగం కూడా 54 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. "పాత రౌటర్ చాలా స్లో" అనుకునేవాళ్లలో కొందరి కథ ఇదే. పాస్‌వర్డ్ బదులు బటన్‌తోనో పిన్‌తోనో కలపనిచ్చే డబ్ల్యూపీఎస్‌ని ఆపేయండి. దాని పిన్ పద్ధతిలో లోపం ఉందని 2011లోనే బయటపడింది.

*ఛానెల్:* 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీదొకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11. మెయిన్ రౌటర్ 1లో ఉంటే దీన్ని 6లోనో 11లోనో పెట్టండి. 3, 4 లాంటి మధ్య ఛానెల్‌లో పెడితే ఖాళీగా ఉంటుందనుకోవద్దు, రెండువైపుల వాళ్లతోనూ తగాదా వస్తుంది. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ పెట్టుకోవచ్చు. అక్కడ 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లు కూడా వాడేవి కాబట్టి, బాక్సు కనీసం ఒక నిమిషం విన్నాకే ప్రసారం మొదలెడుతుంది. ఆన్ చేయగానే 5 గిగాహెర్ట్జ్ కనిపించలేదని కంగారుపడి మళ్లీ ఆఫ్ చేస్తే ఆ నిమిషం మళ్లీ మొదలవుతుంది. ఈ గొడవ వద్దనుకుంటే 36 పెట్టండి.

*దేశం:* సెట్టింగ్స్‌లో దేశం అడిగితే మీరున్న దేశమే ఇవ్వండి. ఏ ఛానెల్ వాడొచ్చు, ఎంత పవర్ పంపొచ్చు అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

5. పని చేస్తోందా? ఇలా చూడండి

ముందుగా ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయండి. లేకపోతే వైఫైలో ఇంటర్నెట్ లేకపోయినా ఫోన్ చడీచప్పుడు లేకుండా డేటా మీద నడిచి, అంతా బాగుందని మీకు నమ్మకం కలిగిస్తుంది.

తర్వాత ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరవండి. ఐపీ అడ్రస్ మీరు కాగితం మీద రాసుకున్న వరుసలో ఉండాలి. గేట్‌వే మెయిన్ రౌటర్‌దే కావాలి. గేట్‌వే దగ్గర కొత్త బాక్సు అడ్రస్ కనిపిస్తే అది ఇంకా రౌటర్ పని చేస్తున్నట్టే.

వైఫై మీదున్న ఫోన్ నుంచి కేబుల్ మీదున్న ప్రింటర్‌కి ఒక పేజీ పంపండి. ప్రింట్ వస్తే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయని అర్థం. ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన ఇది తేలదు.

ఇక వేగం. ముందు కేబుల్ మీద ల్యాప్‌టాప్‌తో కొలవండి, తర్వాత యాక్సెస్ పాయింట్ ఉన్న గదిలోనే నిలబడి వైఫై మీద కొలవండి, ఆ తర్వాతే దూరపు గదుల్లో. ఈ వరుసలో కొలిస్తే లోపం కేబుల్‌దా, బాక్సుదా, దూరానిదా తెలిసిపోతుంది. సిగ్నల్ బలం చూపించే యాప్ ఉంటే మైనస్ 50 డీబీఎం దగ్గర చాలా బాగున్నట్టు. మైనస్ 67 వరకు వీడియో కాల్ ఇబ్బంది లేకుండా నడవాలి. మైనస్ 75 దాటితే చోటు మార్చాలి. అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు.

చివరగా ఎవరికైనా వీడియో కాల్ చేసి ఇల్లంతా తిరగండి. ఎక్కడ బొమ్మ ఆగిందో అక్కడ ఒక క్షణం నిలబడి చూడండి. రెండు మూడు సెకన్లలో తేరుకుంటే అది ఒక బాక్సు నుంచి ఇంకోదానికి మారడం, పట్టించుకోనక్కర్లేదు.

అన్నీ బాగుంటే రెండు బాక్సులూ ఆఫ్ చేసి ఆన్ చేయండి. కరెంట్ పోయి వచ్చాక కూడా ఇలాగే లేస్తుందని తేలాకే గోడకి బిగించండి. బాక్సు అడ్రస్‌ని చీటీ మీద రాసి దాని వెనకే అంటించండి. డీహెచ్‌సీపీ ఆపేసిన బాక్సు అడ్రస్ మర్చిపోతే వెతుక్కోవడం విసుగు.

తరచుగా వచ్చే ఇబ్బందులు

*అడ్రస్ 169.254తో మొదలవుతోంది.* ఎవరూ అడ్రస్ ఇవ్వకపోతే పరికరం తనకి తానే పెట్టుకునే అడ్రస్ అది. కేబుల్ సరిగా కూర్చోలేదు, లేదా తప్పు పోర్టులో ఉంది, లేదా పొరపాటున మెయిన్ రౌటర్ డీహెచ్‌సీపీని ఆపేశారు.

*ఇంటర్నెట్ వస్తోంది, ప్రింటర్ కనిపించడం లేదు.* కేబుల్ వ్యాన్ పోర్టులో ఉండి బాక్సు ఇంకా రౌటర్‌గా నడుస్తుండవచ్చు. లేకపోతే ఫోన్ గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉండవచ్చు, "ఏపీ ఐసొలేషన్" (పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా ఆపే సెట్టింగ్) ఆన్ అయి ఉండవచ్చు. గెస్ట్ నెట్‌వర్క్ గురించి ఇంకో మాట. యాక్సెస్ పాయింట్‌గా మారిన పాత రౌటర్లలో కొన్నిటికి గెస్ట్ అన్నది పేరుకే ఉంటుంది. అందులో చేరినవాళ్లు మీ కంప్యూటర్లను చూడగలరు. అతిథికి పాస్‌వర్డ్ ఇచ్చేముందు మీరే గెస్ట్‌లో చేరి ప్రింటర్ దొరుకుతుందేమో చూడండి.

*వేగం 90–95 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయింది.* ఇది వైఫై తప్పు కాదు. కేబుల్ లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. గోడ సాకెట్‌లో ఒక్క తీగ వదులైనా రెండు జతల మీద 100తో సరిపెట్టుకుంటుంది. ప్యాచ్ కేబుల్ మార్చి చూడండి, తర్వాత సాకెట్ విప్పి తీగలు చూడండి. రెండూ బాగుంటే పాత బాక్సు పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి కావచ్చు.

*బాక్సు తగిలించగానే ఇల్లంతా నెట్ పోయింది.* ఒకే బాక్సు నుంచి రెండు కేబుల్స్ ఒకే స్విచ్‌కి వెళ్లాయేమో చూడండి. నెట్‌వర్క్ గుండ్రంగా తిరిగి తన్ను తానే ముంచేసుకుంటుంది. స్విచ్ మీద లైట్లన్నీ ఒక్కసారిగా పిచ్చిగా కొట్టుకుంటుంటే అదే. ఒక కేబుల్ తీయగానే కాసేపట్లో సర్దుకుంటుంది. రెండో తీగ లేకపోయినా ఇది రావచ్చు: బాక్సులో రిపీటర్ మోడ్ ఆన్‌లో ఉండి కేబుల్ కూడా పెడితే.

*ఫోన్ దూరపు బాక్సునే పట్టుకుని వేలాడుతోంది.* ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. మీరు చేయగలిగింది బాక్సుల 2.4 గిగాహెర్ట్జ్ పవర్‌ని "మీడియం"కి తగ్గించడం. పవర్ పెంచితే మంచిదనుకుంటాం కానీ రెండు బాక్సులున్న ఇంట్లో తగ్గించడమే పనికొస్తుంది.

*స్మార్ట్ ప్లగ్ లాంటివి కలవడం లేదు.* వాటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, డబ్ల్యూపీఏ3 తెలియదు. సెక్యూరిటీని డబ్ల్యూపీఏ2 చేసి, సెటప్ అయ్యేదాకా 5 గిగాహెర్ట్జ్‌ని ఆపి ప్రయత్నించండి.

కావలసిన గదికి కేబులే లేకపోతే

కేబుల్ లాగే వీలుంటే లాగడమే మేలు. ఒక్క లైన్ 100 మీటర్ల వరకు వెళ్తుంది, ఇంటికి అంతకన్నా అవసరం రాదు. టీవీ కోసం వేసిన కోయాక్సియల్ కేబుల్ ఆ గదిలో ఉంటే మోకా అడాప్టర్ల జత దాన్ని నెట్‌వర్క్ కేబుల్‌లా వాడనిస్తుంది. కరెంట్ తీగల మీద నడిచే పవర్‌లైన్ అడాప్టర్లు ఒక ఇంట్లో బాగుంటాయి, ఇంకో ఇంట్లో ఏడిపిస్తాయి. వెనక్కి ఇచ్చే వీలుంటేనే కొనండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి.

సింగిల్ బ్యాండ్ రిపీటర్ నా జాబితాలో ఆఖరిది. విన్నదాన్ని అదే ఛానెల్‌లో మళ్లీ చెప్పాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. దానికన్నా మెష్ (కలిసి ఒకే వైఫైగా పనిచేసే బాక్సుల సెట్టు) నయం. మీకు ఎలాగూ కొన్ని గదుల్లో కేబుల్ ఉంది కదా, మెష్ బాక్సుల్లో వీలైనన్నిటిని దానికే కలపండి. మెష్ మెయిన్ బాక్సుని కూడా యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం మర్చిపోకండి, లేకపోతే మొదట్లో చెప్పిన రెండు రౌటర్ల గొడవ ఇక్కడా వస్తుంది. కలిపాక యాప్‌లో ఆ బాక్సు దగ్గర "వైర్డ్ బ్యాక్‌హాల్" అని గానీ "ఈథర్‌నెట్" అని గానీ ఉందా చూడండి. "వైర్‌లెస్" అనే చూపిస్తుంటే బాక్సు కేబుల్‌ని గుర్తించలేదు. ఒకసారి ఆఫ్ చేసి, కేబుల్ పెట్టే ఉంచి, మళ్లీ ఆన్ చేయండి.